ఇంటిపేరేంటండి?

నేను గుమస్తాగా చేసిన మున్సిపాలిటీలో మేనేజరును తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఎవరొచ్చినా నవ్వుతూ అదే అడిగేవాడు: “మీదే ఊరండి? ఇంటిపేరేంటండి?”

పారిశుధ్య కార్మికుల బీమాకి బ్రోకర్ని ఎంచిన రోజూ అంతే. కార్మికుడు పోతే ఇంటివాళ్లకి డబ్బు ఎలా ఇప్పిస్తారో ఇద్దరు బ్రోకర్లు ఓపిగ్గా చెప్పారు. ఈయన ఆవలించాడు. మూడో బ్రోకరు ఇంటిపేరు చెప్పగానే కుర్చీ ముందుకు లాక్కుని, “మనవాళ్లేనండీ!” అన్నాడు. పని అతనికే ఇచ్చేశాడు.

గోదావరి పుష్కరాలకని మురుగుకాలవ బాగుచేస్తూ ఒక కార్మికుడు ఊపిరాడక చచ్చిపోయాడు. ఆ ‘మనవాడు’ సెల్‌ఫోనే ఎత్తలేదు. బీమా డబ్బు కోసం కార్మికుడి భార్య మేనేజరు గుమ్మంలో నిలబడింది.

ఆవిణ్ణి మాత్రం ఊరూ అడగలేదు, ఇంటిపేరూ అడగలేదు. తలెత్తకుండానే, “తర్వాత రా” అన్నాడు.