గట్టు మీద నిలబడిన మనిషి

దేవుడికి రోజూ దీపం పెడతాను గాని, దయ్యాలనే మాట నా ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వను. పనిలేని వాళ్ళకే అవి కనిపిస్తాయని నా నమ్మకం. పెరట్లో ఏదో తెల్లగా కదిలిందని మా ఆడపడుచు జడుసుకుంటే, వెళ్ళి ఆ ఆరేసిన పంచె తీసి మడతపెట్టి తెచ్చాను. అలాంటిదాన్ని నేను. నా చదువు మూడో తరగతితో ఆగింది. ఇది నా చేత్తోనే రాశాను, తప్పులు మాత్రం మనవరాలు దిద్దింది.

మాది ముదినేపల్లి దగ్గర. మా అమ్మాయికి ఏడో నెల నడుస్తుంటే సాయానికని నాగాయలంక వెళ్ళాను. అల్లుడు అక్కడ రొయ్యల చెరువు చేస్తున్నాడు. ఆ చుట్టుపక్కల అప్పటికే తెల్లమచ్చ తెగులు వచ్చి రెండు మూడు చెరువులు పోయాయి. పరాయివాళ్ళ కాళ్ళతో తెగులు వస్తుందని అక్కడ భయం. తెగులు మోసే పీతలు దూరకుండా చెరువు చుట్టూ వల కడతారు, లోపలికి ఒక్కటే దారి. ఆ దారిలో సున్నం పరిచి ఉంచుతారు. ఎవరొచ్చినా అందులో కాలు పెట్టే రావాలి, కొత్తవాళ్ళని అసలు రానివ్వరు.

మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకుని వెళ్ళి ఆ దారి దగ్గరే కూర్చునేదాన్ని. ఎవరైనా ఇటు తిరిగితే అక్కడి నుంచే కేకలేసేదాన్ని. "అత్తయ్యగారు కూర్చుంటే ఇంక వలెందుకు, దండగ ఖర్చు" అని అల్లుడు నవ్వేవాడు. చెరువు కాపలా చూసే ఏసోబు కూడా నవ్వేవాడు. మంచివాడు. ముద్ద నోట్లో పెట్టేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు.

ఆ రోజు నీళ్ళలో గాలి కలిపే చక్రం ఒకటి ఆగిపోయింది. నాచు చుట్టుకుందని అల్లుడూ ఏసోబూ చెరువులోకి దిగారు. దాని స్విచ్చి ఒక్కటే ఆపారు. అన్నీ ఆపితే రొయ్యకి ఊపిరాడదు, అక్కడ అందరూ అలాగే చేస్తారు. నేను ఏసోబు తొక్కిన సున్నం చెక్కతో మళ్ళీ సమంగా చదును చేసి కూర్చున్నాను.

తలెత్తేసరికి అవతలి గట్టు మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర, తల మీద కొంగు. ఆ ఎండలో కదలకుండా నీళ్ళలోకి చూస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెగులు తెచ్చిపెట్టడానికి వచ్చింది అనుకున్నాను. నన్ను దాటుకుని ఎలా వెళ్ళిందా అని సున్నం వైపు చూశాను. నేను సర్దింది సర్దినట్టే ఉంది. ఒక్క అడుగు కూడా పడలేదు.

"అల్లుడుగారూ, ఎవరో గట్టెక్కారు, ముందు బయటికొచ్చి వాళ్ళని పంపించండి" అని అరిచాను.

ఆయన పని వదిలి గట్టెక్కాడు. "ఎక్కడండీ?" అన్నాడు. చెయ్యి చాపి చూపించాను. ఆయనకి ఎవరూ కనపడలేదు. ఆ మనిషి ఏసోబుకి తిన్నగా పైన, గట్టు అంచున నిలబడి ఉంది.

"అమ్మగారికి ఎండదెబ్బ కొట్టిందండీ, మజ్జిగ పట్టించండి" అన్నాడు ఏసోబు నీళ్ళలోంచి. అతను మాట్లాడిన ఆఖరి మాట అదే.

పక్క చక్రానికి వెళ్ళే కరెంటు తీగ తెగి నీళ్ళలో పడింది. ఏసోబు ఒక్కసారి కేక పెట్టి వెనక్కి విరుచుకుపడ్డాడు. అల్లుడు కాపలా పాక దగ్గరికి పరుగెత్తి మెయిన్ స్విచ్చి ఆపాడు. ఆ ఆడమనిషి ఏసోబు వైపు వంగడం నేను చూశాను. కరెంటు పోయి చక్రాలన్నీ ఆగాక చూస్తే గట్టు ఖాళీగా ఉంది.

ఏసోబుని బయటికి తీసేసరికే ప్రాణం పోయింది. నేను ఒక్క నిమిషం ఆలస్యంగా పిలిచి ఉంటే పక్కనే అల్లుడు కూడా ఉండేవాడు.

దేవుడే కాపాడాడని వచ్చినవాళ్ళంతా అన్నారు. మా అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసుకుని ఆ మాటే అంటూ ఏడ్చింది. నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఎందుకు పెట్టుకోను? కాని ఏసోబు భార్య మరియమ్మ వినేలా ఆ మాట అనొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.

కార్యక్రమాలు అయ్యాక మరియమ్మే నా దగ్గరికొచ్చింది. నేను ఎవరినో చూశానన్న సంగతి ఆమె చెవిన పడింది.

"మీరు చూసినామె ఎక్కడ నిలబడిందమ్మగారూ?"

"మీ ఆయనకి దగ్గర్లోనే, గట్టు మీద."

"మా ఆయన పడిపోయినప్పుడు వెళ్ళిపోయిందా?"

"లేదు. అప్పుడూ అక్కడే ఉంది. కిందికి వంగింది."

మరియమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ రోజు పొద్దున కూడా తల మీద చెయ్యేసి ప్రార్థన చేసే పంపానండి. దేవుడు వినలేదనుకున్నాను. ఆ నీళ్ళలో ఒక్కడే పోయాడేమోనని అన్నం సహించట్లేదు. తోడున్నారన్నమాట."

ఆ వచ్చింది ఎవరో నాకు తెలియదు. దేవుడు పంపితే ఇద్దరినీ ఎందుకు పిలిపించలేదో అంతకన్నా తెలియదు. నా కళ్ళే చెదిరాయందామంటే, ఆ కేక వేయకపోతే మా అమ్మాయి బతుకు ఏమయ్యేది?

ఇప్పటికీ నేను నాగాయలంక వెళ్తే మరియమ్మ వచ్చి కూర్చుంటుంది. "ఇంకోసారి చెప్పండమ్మగారూ" అంటుంది. ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా చెబుతాను. విని, లేచి, వంటకి వెళ్తుంది.