బావగారు తీసిన గాలం

మొన్న మా అమ్మాయి నాకు కొత్త ఫోన్ కొనిపెట్టి, వేలిముద్రతో తెరుచుకునేట్టు సెట్ చేస్తానని నా కుడిచేతి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు ఆనించినా ఆ ఫోన్ నన్ను మనిషిగా ఒప్పుకోలేదు. తను వేలు తిప్పి చూసి ఈ గీత ఏంటి నాన్నా అంటే, ఎప్పుడో గాలం గుచ్చుకుందమ్మా అన్నాను. అయితే ఎడమచెయ్యి ఇవ్వమని, దానితో పని ముగించుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం సాయంత్రమంతా ఆ వేలు చూసుకుంటూ కూర్చున్నాను. మా బావగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

బావగారంటే మా అక్క భర్త. తుని దగ్గర సర్కారు ఆసుపత్రిలో డాక్టరుగా చేసేవారు. అక్కకు ఇక్కడ అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే, పరీక్షలు రాసి ఏదైనా ఆసుపత్రిలో రెసిడెన్సీ శిక్షణకు సీటు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని ఆయనా వెంట వచ్చేశారు. ఆ రోజుల్లో పని చేసుకునే వీలు లేని డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ బతుకు మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది. పరీక్షలన్నీ పాసయ్యారు గానీ సీటు రావాలి కదా. చలికాలమంతా ఇంటర్వ్యూలని తిరగడం, మార్చిలో ఫలితం చూసుకోవడం, రాలేదని తెలిశాక రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇదీ ఏటా వరస. మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్లు పక్కపక్కనే కాబట్టి అదంతా నా కళ్ళముందే జరిగేది.

ఆయనకు ఒక భయం పట్టుకుంది. లైసెన్స్ లేకుండా ఇక్కడ ఎవరికైనా వైద్యం చేస్తే, అది ఎవరి చెవినైనా పడితే, ఇక జన్మలో లైసెన్స్ రాదని ఎవరో చెప్పారట. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పార్టీలలో ఎవరి బిడ్డకైనా దగ్గు వచ్చి, అన్నయ్యగారూ ఏం మందు వెయ్యమంటారు అని అడిగితే, మీ డాక్టర్‌ని అడగండమ్మా అని లేచి వెళ్ళిపోయేవారు. ఇక్కడ ప్రాక్టీసు చేసే మన డాక్టర్లంతా ఒక సోఫాలో చేరేవాళ్ళు. ఈయన వంటింట్లో ఆడవాళ్ళకు ప్లేట్లు అందిస్తూ గడిపేసేవారు. తెలియనివాళ్ళు పొగరనుకునేవాళ్ళు.

మూడో ఏడు మార్చిలో కూడా సీటు రాకపోయేసరికి అక్క నాకు ఫోన్ చేసి, ఈయన అన్నం కూడా సరిగ్గా తినడం లేదురా, ఎక్కడికైనా తీసుకెళ్దాం అంది. చేపలు పడదామని నేనే అన్నాను. చిన్నప్పుడు కాలవ గట్టున వెదురు పుల్లకు దారం కట్టి, వానపామును గుచ్చి పరకలు పట్టిన అనుభవం తప్ప మా ఇద్దరికీ ఏమీ రాదు. అయినా షాపుకు వెళ్ళి రెండు రాడ్లు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు కొన్నాం. ఆ ఎర చేపలకు ముందొకటి, వెనకొకటి, మూడేసి కొక్కేల గాలాలు వేలాడుతుంటాయి. చేపలు పట్టడానికీ ఇక్కడ లైసెన్స్ కావాలి కదా, కౌంటర్ దగ్గర అమ్మాయి ఆ కాగితం చేతికిస్తే, బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇదైనా అడగ్గానే ఇచ్చారోయ్ అన్నారు. నవ్వాలో వద్దో తెలియక నేను బిల్లు చూస్తున్నట్టు నటించాను.

శనివారం అక్క పులిహోర చేసుకొస్తే ముగ్గురం లేక్‌కి వెళ్ళాం. మొదటి గంటంతా గాలాన్ని చెట్లకొమ్మల్లోంచి విడదీసుకోవడంతోనే సరిపోయింది. బావగారు రాడ్ పట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. ఇంతలో నా గాలానికి చేప పడింది. మోచెయ్యంత చేప. సంబరంతో ఒడ్డుకు లాగి, గుడ్డయినా వేసుకోకుండా ఒట్టిచేత్తో పట్టుకుని నోట్లోంచి గాలం తియ్యబోయాను. అది ఒక్కసారి తన్నుకునేసరికి, ఎర చేపకు వెనకాల వేలాడుతున్న రెండో గాలం నా బొటనవేలిలో దిగిపోయింది. ముందు గాలానికి చేప, వెనక గాలానికి నేను. అది తన్నుకున్నప్పుడల్లా నా ప్రాణం పోతోంది. తెలివితక్కువగా గట్టిగా వెనక్కి లాగాను. గాలానికి ఎదురుముల్లు ఉంటుందన్న జ్ఞానం ఆ క్షణంలో ఎవడికుంటుంది. కండ చీలింది తప్ప గాలం కదలలేదు.

నా కేక విని బావగారు పరుగెత్తుకొచ్చారు. వచ్చినవారు నాలుగడుగుల దూరంలో ఆగిపోయి చేతులు వెనక్కి కట్టుకున్నారు. వాడి వేలు చూడండీ, అలా నిలబడతారేంటి అని అక్క అరిచింది. నేను ముట్టుకోకూడదు, హాస్పిటల్‌కి తీసుకెళ్దాం అన్నారాయన. ఆ చేపను వేలికి వేలాడదీసుకుని కారుదాకా ఎలా నడవను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒడ్డున అటూ ఇటూ చూస్తున్నారు, ఎవరైనా గమనిస్తున్నారేమోనని. నాకు నొప్పిలో కూడా ఆయన మీద జాలేసింది. అప్పుడు అక్క ఆయన దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "వాడు పేషెంటు కాదండీ, నా తమ్ముడు" అంది.

ఆయన వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముందు తడి తువ్వాలు వేసి చేపను అదిమిపట్టారు. కాస్త దూరంలో చేపలు పట్టుకుంటున్న ఒక తెల్ల ముసలాయనను కటింగ్ ప్లయర్ అడిగి తెచ్చుకుని, చేపను, ప్లాస్టిక్ ఎరను వేరుచేసి, నా వేలిలో గాలం ఒక్కటే మిగిల్చారు. నా చేతిని తన తొడమీద ఆనించుకుని, గాలం వంపులో నైలాన్ దారం మెలేసి, దాని కాడను వేలితో కిందికి అదిమారు. ఎప్పుడూ నన్ను ఏమోయ్ అనే మనిషి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. ఆ గొంతు నేనెన్నడూ విన్నది కాదు. ఓపీలో బల్లమీద కూర్చోబెట్టిన పల్లెటూరి మనిషిని అడిగే గొంతు అది. నేను కూడా వెర్రివాడిలా మా ఊరి పేరు చెప్పబోయాను. పూర్తిగా చెప్పేలోగా దారం లాగేశారు, గాలం వచ్చేసింది. తర్వాత మంచినీళ్ళ సీసాలన్నీ గుమ్మరించి సబ్బుతో కడిగి, కట్టుకట్టి, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావని గద్దించారు. ఎన్నాళ్ళకో ఆయన వీపు నిటారుగా కనిపించింది.

ప్లయర్ తిరిగిచ్చేటప్పుడు ఆ ముసలాయన మెచ్చుకోలుగా చూసి, మీరు డాక్టరా అని అడిగాడు. "నో సర్, హి ఈజ్ మై వైఫ్స్ బ్రదర్" అన్నారు బావగారు. అక్క పులిహోర డబ్బా మూత పెడుతూ తల ఎత్తలేదు.

ఇంజెక్షన్ కోసం క్లినిక్‌కు వెళ్ళే దారిలో, గాలం నువ్వే తీసుకున్నావని చెప్పు అన్నారు. అలాగే చెప్పాను. అక్కడి నర్సు గాయం చూసి, మొదట చీల్చుకున్నావు గానీ తియ్యడం మాత్రం చాలా నీట్‌గా తీశావే అంది. ఆ మాట ఆయనకు చెబితే సంతోషిస్తారని వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చి చెప్పాను. ఊఁ అని కారు తాళాలు తీసుకున్నారు.

ఆ తర్వాత ఇంకా రెండు మార్చిలు చూసి, ఇక చాలన్నారు. గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరి, వేరే డాక్టర్లు చేసిన వైద్యానికి క్లెయిమ్‌లు సరిచూస్తూ రిటైరయ్యారు. చేపల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు రోజులు మారాయి. వీధికో అర్జెంట్ కేర్ క్లినిక్ ఉంది, గాలం గుచ్చుకుంటే మత్తిచ్చి తీసి పంపిస్తారు. డిపెండెంట్లలో కొందరికి పని చేసుకునే వీలూ వచ్చింది. రెసిడెన్సీకి వచ్చే పిల్లలకు దారి చెప్పేవాళ్ళూ ఉన్నారు. బావగారికి అవేవీ అందలేదు.

ఆయన పోయి కార్యక్రమాలన్నీ అయ్యాక, ఇక్కడే పుట్టిన మా మేనకోడలు నా పక్కన వచ్చి కూర్చుని, "మామయ్యా, డాడీ గుడ్ డాక్టరేనా? నువ్వు ఎప్పుడైనా చూసావా?" అని అడిగింది. చూశానమ్మా అని, లేక్ దగ్గర జరిగిందంతా చెప్పాను. చాలాసేపు ఏడ్చి, "నాకు ఫీవర్ వస్తే డాడీ థర్మామీటర్ మమ్మీకి ఇచ్చేవాడు మామయ్యా. తను చెయ్యి పెట్టి చూసేవాడు కాదు" అంది. ఇంట్లో, తలుపులు వేసుకుని కూడా ఆయన అంత భయపడ్డారని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళలో ఈ దేశంలో ఆయన వైద్యం చేసింది నా ఒక్కడికే. ఆ చెయ్యి కన్నకూతురికి దక్కలేదు.