చెట్టు మీది లెక్క

మా దీవి జనాభా లెక్కలో కబూటా తాతను వదిలేశారు. పదేళ్ళ నాటి మాట. లెక్క రాసే గుమాస్తా ఓడ దిగి, అందర్నీ సభ జరిగే మనేయబా కప్పు కింద కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టాడు. తాత చోటు ఖాళీ. ఆ చోట్లో ఇంకొకరు కూర్చోకూడదు, అది మా ఆచారం. తాత అప్పుడు కొబ్బరిచెట్టు మీద కల్లు గీస్తున్నాడు. పైన మనిషి ఉన్నట్టు కిందివాళ్ళకు తెలియాలని గీసేవాడు పాడుతూ ఉంటాడు. ఆ పాట గుమాస్తాకూ వినిపించింది. చెట్టు మీదివాణ్ణి లెక్కపెట్టమని తనకు ఉత్తర్వులు లేవన్నాడు. మొత్తం నూట తొంభై తొమ్మిది. రెండు వందలుంటేనే నర్సు. ఆర్నెల్లకు నర్సు పెట్టె సర్దుకుంది.

అప్పట్నుంచి తాతకు లెక్కపిచ్చి పట్టింది. రోజూ తెల్లవారగానే చెట్టెక్కి, దీవి మొత్తాన్నీ పాటలో లెక్కపెట్టేవాడు. అటు సముద్రం, ఇటు మడుగు, మధ్యలో మేం. ఆ చెట్టు మీంచి కనబడని గుడిసె లేదు.

"ముప్పై ఒకటి టియావ్, ఇంకా లేవలేదు. ముప్పై రెండు వాడి పెళ్ళాం, లేచి తిడుతోంది."

కడుపులో ఉన్నవాళ్ళను సగం కింద వేసేవాడు. ఒకసారి నెలల తరబడి మేం నూట తొంభై ఏడున్నర. పార్లమెంటుకు నిలబడ్డ పెద్దమనిషి పొగాకు పంచి ఓట్లడగడానికి వస్తే ఆయన్నీ కలిపేశాడు. ఆయన వెళ్ళిపోయాక తీసెయ్యమని పెద్దలు ఎంత చెప్పినా వినలేదు. మా చేప తిని మా చాప మీద పడుకున్నవాడు మావాడేనని వాదన. ఆయన మళ్ళీ రాలేదు. మూడేళ్ళపాటు లెక్కలో మాత్రం ఉన్నాడు.

నాకు ఈ పాటంటే ఒళ్ళు మండేది. అమ్మానాన్నలు రాజధానికి వలస పోయారు. నేను ఓడవాళ్ళు పారేసిన పాత పుస్తకాలు చదువుకుంటూ ఒంటరిగా ఉండేవాణ్ణి. ఒకసారి జ్వరంతో రెండు రోజులు లేవలేదు. కళ్ళు తెరిస్తే తాత తీపి కల్లు సీసాతో తలాపున కూర్చుని ఉన్నాడు.

"చచ్చేట్టయితే ముందు చెప్పరా. లెక్క మార్చుకోవాలి."

ఎలా తెలిసిందని అడిగాను. నా పొయ్యి నుంచి పొగ రాలేదన్నాడు. తర్వాత గమనించాను. ఏ ఇంట్లో పొగ లేవకపోయినా ఆయన పాట మధ్యలో ఆపి చెట్టు దిగుతాడు. రూయీ అవ్వ జారిపడ్డ రోజూ అంతే, టియావ్ పెళ్ళాం అలిగి పొయ్యి వెలిగించని రోజూ అంతే. నర్సు పోయాక మాకున్న నర్సు ఆయనే. మేం పిచ్చివాడనుకున్నాం.

ఈ ఏడు మళ్ళీ లెక్క వచ్చింది. సరిగ్గా రెండు వందలం. లెక్కకు మూడు రోజుల ముందు నాకు విదేశీ ఓడలో పని వచ్చింది, లెక్కకు ముందురోజే బయల్దేరాలి. ఎండుకొబ్బరి కాకుండా మావాళ్ళకున్న బతుకుతెరువు అదొక్కటే. నేను పోతే మళ్ళీ నూట తొంభై తొమ్మిది. పెద్దలు సభ పెట్టి, వచ్చే ఓడదాకా నన్ను ఆగమన్నారు. ఆగితే పని పోతుంది. అందరికంటే ముందు తాతే నన్ను ఆపుతాడని సభంతా ఆయన వైపు చూసింది.

ఆయన తన చోట్లోంచి లేచాడు. "నర్సు కోసం వీణ్ణి కట్టేస్తే, వచ్చిన నర్సు మొదట వీడి కట్లే విప్పాలి. పోనివ్వండి. లెక్క నేను చూసుకుంటాను."

రూయీ అవ్వ కోడలికి నెలలు నిండాయని అందరికీ తెలుసు. మిగతా రెండు రోజులూ తాత ఆ గుడిసె ముందే కూర్చుని, కడుపులో బిడ్డను బయటికి రమ్మని బతిమాలాడు. నేను పడవెక్కే రోజు పొద్దున చెట్టు మీంచి పాట ఆగిపోయి ఒక కేక వినిపించింది.

"సగం కాదు, పూర్తి!"

వీడ్కోలు చెప్పడానికి ఒడ్డుకు వచ్చాడు. నన్ను లెక్కలోంచి తీసేశావా తాతా అని అడిగాను.

"చెట్టు మీదున్నవాణ్ణి వదిలేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసురా. ఓడ మీదున్నవాణ్ణి నేను వదలను. గుమాస్తా లెక్క రెండు వందలు. నా లెక్క రెండు వందల ఒకటి. ఓడలోనైనా పొద్దున్నే పొయ్యి వెలిగించు. పొగ కనబడకపోతే, ఈ వయసులో నేను చెట్టు దిగి అంతదూరం ఈదుకుంటూ రావాలి."