చదివినానని చెప్పిన ఉత్తరం

అశోక్ చౌక్‌లో టీ బండి దగ్గర ఎవరిని అడిగినా, నేను డెబ్బై దాటాక ఆన్‌లైన్‌లో బి.ఏ. తెలుగు చదివి మొదటి ర్యాంకు కొట్టానని చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే. నిజానికి అది బి.ఏ. కాదు, ఏడాది డిప్లొమా. ర్యాంకు మాట అటుంచండి, ఒక పేపరు రెండుసార్లు రాశాను.

తెలుగువాడికి తెలుగులో డిప్లొమా ఏమిటని నవ్వకండి. షోలాపూర్‌లో మా తెలుగు నోటి వరకే. బడి అంతా మరాఠీ. అయినా పెళ్లిచూపుల్లో, "రోజు తెలుగు పేపర్ చదువుత" అన్నాను. సిరిసిల్ల పిల్ల ముందు ఆపాటి కోతలు కోయకపోతే ఎట్లా?

ఆమె నమ్మింది. తొలి కాన్పుకు పుట్టింటికి పోయి, అక్కడినుంచి రెండు పేజీల ఉత్తరం రాసింది. పెళ్లాం రాసింది ఇంకొకరితో చదివించడానికి సిగ్గు. పైగా నా కోత బయటపడుతుంది. మడిచి జేబులో పెట్టుకుని మగ్గం దగ్గరికి పోయాను. కొడుకును ఎత్తుకుని తిరిగొచ్చాక అడిగింది:

"నా ఉత్తరం చదివినవా?"

"చదివిన. మస్తు రాసినవ్."

నన్ను ఒక చూపు చూసి లోపలికి పోయింది. మళ్లీ ఎన్నడూ ఉత్తరం రాయలేదు. చదివానన్నవాణ్ణి, అందులో ఏముందని ఏ నోటితో అడగను?

నా పెళ్లాం చనిపోయిన మరుసటి ఏడాది, తెలుగు నేర్చుకుంటానని కోడలితో అన్నాను. కోడలు ఇంట్లో ఉంటూనే ఆన్‌లైన్‌లో బి.కాం. పూర్తిచేసిన మనిషి. ఫోన్‌లో వచ్చిన ప్రకటన చూపించాను: పరీక్ష లేదు, ఆరు నెలల్లో పట్టా.

"అరె మామా, ఒక్క ఉతుకుకే రంగు పోయే చాదర్ అది. నువ్వు కొంటవా?"

మూడు కాలేజీలకు ఫోన్ చేసింది. పట్టాకు గుర్తింపు ఉందా, పాఠం మళ్లీ వినొచ్చా, చేతిరాత దిద్దేవాళ్లున్నారా అని అడిగింది. అన్నింటికీ ఔనన్న చోట చేర్పించింది.

ఒక్క క్లాసూ తప్పలేదని మా పేట నీలం నగర్ అంతా చెప్పుకున్నాను. మొదటి నెల మాత్రం పాఠం పెట్టేసి టీకి పోయేవాణ్ణి. కోడలు పట్టుకుంది.

"వీడియో పూర్తయింది మామా. నువ్వు ఏడిదాక వచ్చినవ్?"

ఆ రోజునుంచి రోజూ ఒకే వేళకు కూర్చున్నాను. అర్థంకాని చోట పాఠం ఆపి, రాసి, మళ్లీ నడిపేవాణ్ణి. పోగు తెగితే మగ్గం ఆపి అతకడం తెలిసినవాణ్ణే కదా. ప, వ మాత్రం ఎంతకీ వేరు కాలేదు. "రేపు పస్తున్నాను" అని రాస్తే పంతులమ్మ ఫోన్ చేసింది: "తాతగారూ, మీరు వస్తున్నారా, పస్తులుంటున్నారా?"

ఆరో నెలలో ట్రంకు పెట్టె తెరిచాను. ఇన్నేళ్లూ అందులో దాచిన ఆమె ఉత్తరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. అమ్మ ఆరోగ్యం, చుట్టాల సంగతులు అయ్యాక, రెండో పేజీ చివర ఇట్లా ఉంది: "నాకు భయమైతాంది. కాన్పు దినాలకు నువ్వొచ్చి నాలుగు రోజులుండు. గడపల కూసున్నా చాలు."

దానికి నేను, మస్తు రాసినవ్ అన్నాను.

ఆఖరి పరీక్షలో సొంత ఉత్తరం ఒకటి రాయమన్నారు, పది మార్కులకు. ఆమెకు జవాబు రాశాను. "నాకప్పుడు చదువ రాకుండె. వచ్చి ఉంటే ఉరికి వస్తుంటి." ఒక్క వ కూడా ప కాలేదు.

పదికి పది వచ్చాయని అందరికీ చెప్పాను. వచ్చింది ఆరు. తేదీ, చిరునామా లేవని నాలుగు కోశారు.

"అవి ఏసుంటే పది వచ్చేటివి గద మామా," అంది కోడలు.

వేయాల్సిన తేదీ నాకు తెలుసు. నా కొడుకు పుట్టడానికి వారం ముందుది. ఆమె ఇప్పుడున్న చోటికి చిరునామాయే తోచక, రెండూ ఖాళీగా వదిలేశాను.