పొద్దు వాలాక పలకొద్దు

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంటి తాళంచెవి నా మెడలో ఉండేది. అమ్మ దానికి తెల్లటి నాడా కట్టి, నేను బడికి వెళ్లేముందు గౌను లోపలికి వేసేది, బయటికి కనబడకూడదని. మేము అమెరికా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అమ్మ నర్సు. ఉద్యోగం ఆమెకి వచ్చింది కాబట్టి ముందు ఆమె, ఆమె వెంట నేను వచ్చాం. నాన్న కాగితాలు రాక గుంటూరులోనే ఉండిపోయారు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇంకా మొక్కజొన్న చేలు మిగిలి ఉన్న రోజులవి. ఒకే గోడకు అటూ ఇటూ రెండు కాపురాలు ఉండే ఇంట్లో ఒక సగం అద్దెకు తీసుకున్నాం. నేను బడి నుంచి వచ్చాక అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇంట్లో నేను ఒక్కదాన్నే. చలికాలంలో ఆమె వచ్చేసరికి చీకటి పడిపోయేది.

తలుపు తీయకూడదు, ఒంటరిగా ఉంటున్నానని ఎవరికీ చెప్పకూడదు. ఈ రెండో నియమం మా తెలుగు ప్రార్థన కూటంలోని ఒక ఆంటీ పుణ్యం. ఒక ఆదివారం అందరూ పళ్లేలు పట్టుకుని నిలబడి ఉండగా ఆమె గొంతు పెంచి మా అమ్మతో అంది: "పిల్లని ఒంటరిగా వదిలేసి డ్యూటీకి పోతున్నావంట సిస్టర్! ఇది మన బాపట్ల అనుకున్నావా? పోలీసులకి తెలిస్తే పిల్లని తీసుకుపోయి ఎవరింట్లోనో పెడతారు. మళ్లీ ఇవ్వరు." అమ్మ పళ్లెం కింద పెట్టేసింది. సాయంత్రాలు మా ఇంట్లో ఉంచు అని మాత్రం ఆ ఆంటీ అనలేదు. యాభై ఏళ్లు కావస్తోంది. నేను మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

ఆ రోజు నుంచి నాకు చీకటికన్నా పోలీసులంటే ఎక్కువ భయం. ఇంట్లో ఏం జరిగినా బయటికి పొక్కకూడదు. పొక్కితే అమ్మకి నేను ఉండను.

అలాంటి సమయంలో మా క్లాసు అబ్బాయిలు ముగ్గురు నా వెంటపడ్డారు. వాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా గుర్తున్నాయి, మర్యాద కోసం రాయడం లేదు. పొద్దువాలే వేళకి మా వెనక పెరట్లోకి వచ్చి వంటింటి కిటికీ మీద కొట్టేవారు. నా ఇంగ్లీషుని నా గొంతుతోనే వెక్కిరించేవారు. ఒకసారి, "మీ అమ్మకి యాక్సిడెంట్ అయింది, తలుపు తియ్" అన్నారు. ఆ తర్వాత వాళ్ల నవ్వు వినపడేదాకా నా ఒంట్లో ప్రాణం లేదు. నేను మాట పడే మనిషిని కాను. అద్దానికి ఇవతల నిలబడి నాకు వచ్చిన ఇంగ్లీషు తిట్లూ అది చాలకపోతే తెలుగు తిట్లూ తిట్టేదాన్ని. నేను ఎంతసేపు అరిస్తే వాళ్లు అంతసేపు ఉండేవారు.

గోడకు అవతలి సగంలో ఒక ఇంగ్లండు పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. నా మనసులో ఆయన పక్కింటి తాతగారు. ఇంగ్లండు ఉత్తరాన బట్టల మిల్లుల ఊరిలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా అమ్మాయిని పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చారు. ఆవిడ పోయారు. ఆయన ఇంగ్లీషు మా టీచరు ఇంగ్లీషులా ఉండేది కాదు, ప్రతి మాటనూ సగం నోట్లోనే దాచుకున్నట్టు ఉండేది. బస్సు దగ్గర ఆ అబ్బాయిలు ఆయన మాటతీరును కూడా వెక్కిరించేవారు.

ఒక రోజు నేను బడి నుంచి వస్తుంటే ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"నిన్న సాయంత్రం వాళ్లకి నువ్వేం చెప్పావో తెలుసా?" అన్నారు.

"వెధవలని చెప్పాను."

"ఊహూఁ. ఇంట్లో ఒక్కదానివే ఉన్నావని చెప్పావు. వంటింట్లో ఉన్నావని చెప్పావు. ఒకే గొంతు, ఒకే కిటికీ. ఇంకేం కావాలి వాళ్లకి?"

నాకు భయం వేసింది అబ్బాయిల గురించి కాదు, ఈయనకి తెలిసిపోయినందుకు. ఈయన పోలీసులకి చెబుతాడు. "నిన్న మా అమ్మ లోపల పడుకునే ఉంది" అని అబద్ధం ఆడాను.

"అలాగా. ఆ కేకలకి కూడా లేవలేదంటే మంచి నిద్రే" అన్నారు ఆయన, నవ్వకుండా. ఇంకేమీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

అక్కడే మెట్ల మీద కూర్చుని ఆయన తన బెటాలియన్ గురించి చెప్పారు. బెటాలియన్ అంటే కాలినడకన యుద్ధం చేసే కొన్ని వందల మంది. వాళ్లది ఇంగ్లండు బెటాలియన్, ఎక్కువమంది ఒకే ప్రాంతపు మిల్లు కుర్రాళ్లు. వాళ్లని ఓడ ఎక్కించి, ఇండియా మీదుగా బర్మా అడవుల్లోకి తోలారు. వర్షం, జలగలు, మలేరియా మాత్రలకి పసుపుపచ్చగా మారిన చర్మం. తుపాకులు, తిండి మోసేది కంచరగాడిదలు. మద్రాసు వైపు నుంచి వచ్చిన సైనికులు వాగుల మీద వంతెనలు కడితే వీళ్లు దాటేవారు. ఆ మద్రాసు వాళ్ల అన్నంలో వేలు పెట్టి చింతపండు పులుపు రుచి చూశానని ఆయన చెప్పినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కొండ మీద ఇద్దరిద్దరికి ఒక గొయ్యి తవ్వుకునేవారట. రోజూ పొద్దువాలే వేళకి బెటాలియన్ మొత్తం గోతుల్లో లేచి నిలబడాలి. తుపాకీ చేతిలో, నోరు కట్టేసినట్టు. సిగరెట్టు లేదు, దగ్గు లేదు. పూర్తిగా చీకటి పడేదాకా అలాగే. తెల్లవారే ముందు మళ్లీ అలాగే. శత్రువు వచ్చేది ఆ రెండు వేళల్లోనే. మధ్యలో చీకట్లోంచి గొంతులు వచ్చేవి. జపాన్ సైనికులు ఇంగ్లీషులో, ఏదో ఒక పేరు పెట్టి పిలిచేవారు: "జానీ, ఇటు రా, దెబ్బ తగిలింది." కొన్నాళ్లకి వీళ్ల సార్జెంట్ల పేర్లు కూడా నేర్చుకుని పిలిచారు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎవడైనా బదులు పలికినా, భయంతో తుపాకీ పేల్చినా ఆ గొయ్యి ఎక్కడుందో వాళ్లకి తెలిసిపోయేది. ఆ వెంటనే అక్కడే బాంబు పడేది. అందుకే ఆజ్ఞ ఒకటే: పొద్దు వాలాక ఎవరు పిలిచినా పలకకూడదు.

"మరి మీకు భయం వేయలేదా?" అని అడిగాను.

"వేయకేం! భయపడకండని మాకెవరూ చెప్పలేదమ్మాయ్. ఎలా నిలబడి భయపడాలో నేర్పారు, అంతే."

ఆ సాయంత్రం నుంచి మేమిద్దరం అలా నిలబడటం మొదలుపెట్టాం. ఆయన తన వంటింట్లో, నేను నా వంటింట్లో, మధ్యలో గోడ. వెలుగు తగ్గగానే ఆయన గోడ మీద పిడికిలితో మెల్లగా ఒకసారి తట్టేవారు. నేను దీపం ఆర్పి, గోడకు చెయ్యి ఆనించి నిలబడేదాన్ని. అబ్బాయిలు వచ్చారు, కొట్టారు, పిలిచారు, వెక్కిరించారు. నేను పలకలేదు. పలకకుండా ఉండటం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకి తెలుసు. కొన్నాళ్లకి వాళ్ల గొంతుల్లోనే తేడా వచ్చింది. లోపల ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో తెలియని చీకటిల్లు వాళ్లని భయపెట్టడం మొదలుపెట్టింది. రావడం తగ్గించారు.

జనవరిలో మంచు గడ్డకట్టిన ఒక సాయంత్రం గోడ మీద చప్పుడు రాలేదు. వెలుగు పోయింది. నేను దీపం ఆర్పి నిలబడి ఎదురుచూస్తున్నాను. అప్పుడు వెనక పెరట్లోంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. అది ఆయన మాటతీరే. "పడిపోయాను. తలుపు తీయమ్మా."

చీకట్లోంచి వచ్చే గొంతు ఏమంటుందని ఆయన చెప్పారో సరిగ్గా అదే అంటోంది. ఆయన మాటతీరును ఆ అబ్బాయిలు ఎంత బాగా పట్టారో బస్సు దగ్గర నేను విన్నాను. నా అరచెయ్యి గోడ మీదే ఉంది. గొంతు మళ్లీ పిలిచింది. మళ్లీ. నేను పలకలేదు. ఆజ్ఞ ఆయనదే, అమ్మది కూడా అదే.

తర్వాత గొంతు ఆగిపోయింది.

నా జీవితంలో అంత భయం నాకు మళ్లీ వేయలేదు. ఎందుకంటే నవ్వు వినపడలేదు. ఆ ముగ్గురూ నవ్వు ఆపుకోలేరు, ఎంత ఆపుకున్నా చివర్న ఒకడు కిసుక్కుమంటాడు. నేను చెవి కిటికీకి ఆనించాను. గాలి తప్ప ఏమీ లేదు. అమ్మ పాత కోటు తీసుకుని, గొళ్లెం తీసి, చెప్పులు కూడా లేకుండా మేజోళ్లతోనే బయటికి వెళ్లాను. చెత్తడబ్బా పక్కన, మెట్ల కింద ఆయన పడి ఉన్నారు. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. ముఖం బూడిద రంగులో ఉంది. నన్ను చూసి ఎవరో మగవాడి పేరు పెట్టి పిలిచారు. "క్షమించరా" అన్నారు. ఆ మాట నాతో అనలేదని మాత్రం అర్థమైంది.

కోటు ఆయన మీద కప్పి లోపలికి పరిగెత్తాను. ఫోన్ ముందు నిలబడ్డాను. సున్నా తిప్పితే ఆపరేటర్ పలుకుతుందని అమ్మ నేర్పింది. తిప్పితే పోలీసులు వస్తారు. వస్తే నేను ఒంటరిగా ఉన్నానని తెలుస్తుంది. ఆ ఆంటీ మాటలు ఒక్కొక్కటే చెవిలో పడుతున్నాయి. తిప్పకపోతే ఆయన ఆ మంచులో ఉంటారు. ఏడుస్తూ తిప్పాను.

అంబులెన్సు వచ్చింది, దాని వెనకే పోలీసు కారు. అనుకున్నట్టే పోలీసాయన నా ముందు ఒక మోకాలి మీద కూర్చుని, "మీ అమ్మ ఎక్కడుంది పాపా?" అని మెత్తగా అడిగాడు. అప్పుడు స్ట్రెచర్ మీద నుంచి, పళ్లు బిగించుకుని, ఆయన గొంతు లేచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఆ పిల్లని సాయంత్రాలు చూసుకునేది నేను. వాళ్లమ్మ నాకు అప్పజెప్పి వెళ్తుంది. ఇప్పుడు నేను లేను కాబట్టి ఆమె వచ్చేదాకా నువ్వుండు. కదలొద్దు."

పోలీసాయన "యెస్ సర్" అన్నాడు.

అమ్మ వచ్చేసరికి ఇంటి ముందు పోలీసు కారు. కారు తలుపు కూడా వేయకుండా పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? నా తల్లే, ఏమైందే?" అంటూ ముందు వీపు మీద ఒకటి వేసి, తర్వాత కావలించుకుంది. ఆ దెబ్బ కూడా గుర్తుంది.

ఆయన తుంటి ఎముక విరిగింది. అమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే ఉంచారు. ఆదివారం నన్ను తీసుకెళ్లింది, కృతజ్ఞతలు చెప్పమని. నేను ఫిర్యాదు చెప్పాను. "మీరు నాకు సగమే చెప్పారు. పిలిచేది నిజంగా మనవాళ్లయితే ఏం చేయాలో చెప్పలేదు. తప్పు నాది కాదు."

"ఏయ్, నోరు ముయ్యి" అంది అమ్మ. ఆయన చెయ్యెత్తి ఆమెని ఆపారు. తర్వాత రెండో సగం చెప్పారు.

ఒక రాత్రి ఆ కొండ మీద ఒక గొంతు పేర్లు పెట్టి పిలుస్తూనే ఉందట. ఆయన గోతిలో ఉన్న కుర్రాడు "వాడు మనవాడే, గొంతు నేను గుర్తుపట్టాను" అని లేవబోయాడు. ఈయన కార్పొరల్, ఆ కుర్రాడి పైవాడు. ఆజ్ఞ ప్రకారం వాడి కాలరు పట్టుకుని తెల్లవారేదాకా కిందికి అదిమి ఉంచారు. వెలుగు వచ్చాక చూస్తే, చేయి చాస్తే అందేంత దూరంలో పడి ఉన్నవాడు వాళ్ల బెటాలియన్ వాడే. వాళ్ల వీధివాడే.

"తర్వాత ఆజ్ఞ మార్చారా?" అని అడిగాను.

"లేదు. మార్చి ఉంటే మిగతావాళ్లం పోయేవాళ్లం."

"మరైతే ఏం చేయాలి?"

"నాకు తెలిస్తే నీకు ఆ రోజే చెప్పేవాణ్ని. తెలియదు కాబట్టే ఆ సగం మింగేశాను. నువ్వన్నది నిజం. తప్పు నాది."

నేను జీవితంలో చాలామంది మీద చాలా ఫిర్యాదులు చేశాను. టీచర్ల మీద, పాస్టర్ల మీద, ఆఫీసుల మీద, నాన్న వచ్చాక పుట్టిన సొంత తమ్ముడి మీద. ఒక పెద్దమనిషి పూర్తిగా విని తప్పు నాదే అన్నది ఆ ఒక్కసారే. ఆయన కర్రతో ఇంటికి వచ్చాక, ఆ రోజు పోలీసాయనతో చెప్పిన అబద్ధాన్ని నిజం చేశారు. నాన్న వచ్చేదాకా నా సాయంత్రాలు ఆయన వంటింట్లోనే గడిచాయి.

ఇప్పుడు నేను ఆష్‌బర్న్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంటి దగ్గర్లో ఉంటున్నాను. ఎదురింటి తెలుగాయన రెండు శీతాకాలాలుగా తన ముంగిట పడిన మంచు అంతా నేను కారు నిలిపే డ్రైవ్‌వే వైపు తోస్తున్నాడు. మంచు తోస్తూ ఫోన్‌లో వీధంతా వినపడేలా మాట్లాడతాడు. మొన్న మంచు పడిన రోజు ఆ గొంతు వినపడలేదు. మంచు తోసినవాళ్లూ లేరు. నేను కిటికీ దగ్గర నిలబడి, నాకెందుకు అనుకున్నాను. మంచు గురించి అడిగినందుకు ఎదురింటాయన నన్నన్న మాటలన్నీ వరసగా తలుచుకున్నాను. తర్వాత బూట్లు వేసుకున్నాను. వీధి దాటుతున్నంతసేపూ నాకు మళ్లీ తొమ్మిదేళ్లే. తలుపు కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. చాలాసేపటికి దుప్పటి కప్పుకుని ఆయనే తీశాడు, జ్వరంతో కళ్లు ఎర్రబడి.

"ఏంటండీ, మళ్లీ కంప్లెయింటా? మన కాలనీ అసోసియేషన్‌కి మెయిల్ పెట్టారుగా ఆల్రెడీ!"

"కంప్లెయింట్ ఉంది, అది తర్వాత" అన్నాను. "ముందు కూర్చోండి. టాబ్లెట్ వేసుకున్నారా?"

క్షమించడం నాకు చేతకాదు, ఈ వయసులో నేర్చుకునే ఓపిక కూడా లేదు. కానీ ఎవరి గొంతైనా ఉన్నట్టుండి ఆగిపోతే నేను కూర్చోలేను. ఏం చేయాలో ఆ రోజు పక్కింటి తాతగారికి తెలియలేదు, ఇప్పటికీ నాకూ తెలియదు. భయపడుతూనే వెళ్లి చూసి వస్తాను.