పెద్దమ్మ నూకిన కారు

మొన్న పొద్దున మా అపార్టుమెంటు సెల్లారులో పక్కింటాయన కారు కదలనని మొండికేసింది. తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. రెండు నెలలుగా బయటికి తీయలేదట. మెకానిక్కు ఇంకో కారును పక్కన నిలబెట్టి వైర్లు తగిలిస్తుంటే, కొత్త బ్యాటరీ ఇంత తొందరగా ఎందుకు దిగిపోతుందని ఆయన ఒకటే గొణుగుడు. నాకు జవాబు తెలుసు. ఇంటరు చదివే రోజుల్లో, పెనుకొండలో మా పెదనాయన ఇంట్లో ఉన్నప్పుడు, అది పాఠంలాగా విన్నాను. కానీ చెప్పబుద్ధి కాలేదు. కూరగాయల సంచి పట్టుకుని పైకి వచ్చేశాను.

పెదనాయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. తొంభైల్లో, ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి అమ్మేస్తున్న పాత తెల్ల కారు కొన్నాడు. వీధి మొత్తానికి అదొక్కటే కారు. దానికో రేకుల షెడ్డు వేయించి, పైన దుప్పటి కప్పి, పసిబిడ్డలా చూసుకునేవాడు. అది బయటికొచ్చేది ఆదివారం పొద్దున, చర్చికి. చర్చి ఎంత దూరమంటే, మొదటి గంట విని కాళ్లు కడుక్కుని నడుచుకుంటూ పోయినా రెండో గంటకు బెంచీ మీద కూర్చోవచ్చు. అంత దూరానికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దమ్మను పక్కన, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, దారిలో కోళ్లు కనబడినా హారన్ కొట్టుకుంటూ పోయేవాడు.

అయితే ముందు అది లేవాలి కదా. ఒక ఆదివారం లేస్తే రెండు ఆదివారాలు మూలిగేది. బ్యాటరీ ఊడదీసి, హిందూపురం బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకుపోయి చార్జి పెట్టించుకొచ్చేవాడు. యాసిడ్ చింది పంచెలకు చిల్లులు పడ్డాయి. ఎందుకిలా అవుతుందో ఆయనకు బాగా తెలుసు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

"ఇంజను లేపేదానికి బ్యాటరీ ఒక్కసారే శానా కరెంటు ఇస్తాది. అది మళ్లా నిండల్లంటే ఇంజను దూరం తిరగల్ల. మనం చర్చి దాకా పొయ్యొస్తే యాడ నిండుతాది? ఊరికే నిలబెట్టినా కొంచెం కొంచెం దిగతానే ఉంటాది."

"మరి తిప్పొచ్చు గదా సారూ" అనేది పెద్దమ్మ. ఊరంతా ఆయన్ను సారని పిలుస్తుందని ఆమె కూడా ఎగతాళిగా అలాగే పిలిచేది. "ధర్మవరం పోదాం, పాపను చూసొద్దాం. దానికీ చార్జి ఎక్కుతాది, నాకూ పానం లేసొస్తాది."

"పెట్రోలు ఎవురు పోస్తారు? బస్సు లేదా ఏమి?"

వాళ్లకు ఒక్కతే కూతురు. ధర్మవరంలో టీచరు. పెద్దమ్మ ఊరగాయ జాడీ ఒళ్లో పెట్టుకుని బస్సులోనే పోయి, కాళ్లు వాచిపోయి తిరిగొచ్చేది.

మా వీధి కొండవైపు నుంచి కిందికి వాలుగా ఉంటుంది. బ్యాటరీ దిగిన ఆదివారాల్లో ఆ వాలే దిక్కు. నూకేది పెద్దమ్మ. తనకల్లు దగ్గర సేద్యం ఇంట్లో పుట్టిన మనిషి. పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని, రెండు చేతులూ డిక్కీకి ఆనించి ఒక్క ఊపు ఊపితే బండి కదలాల్సిందే. ఇంజను లేచాక పెదనాయన వాలు కింద ఆగి హారన్ కొట్టేవాడు. ఆమె చేతులు దులుపుకుని, నవ్వుకుంటూ దిగిపోయి, పెళ్లికూతురిలా ముందు సీట్లో కూర్చునేది.

ఆ ఏడు చేలల్లో చెనిక్కాయలు పెరికే కాలంలో ఆమెకు ఎదురొమ్ము పట్టేసినట్టు ఉండడం మొదలైంది. వీధి చివర సూదులేసే ఒకాయన గ్యాసని మాత్రలిచ్చాడు. పెదనాయన కూడా గ్యాసే అన్నాడు. ఒక పొద్దున రొట్టెలు కాలుస్తూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ముఖమంతా చెమట. ఎడమ చెయ్యి గుంజుతోందంది. పెదనాయనకు భయం పట్టుకుంది. హిందూపురం ఆసుపత్రికి పోదామన్నాడు. బస్సు అప్పుడే వెళ్లిపోయింది. షెడ్డు తీసి, దుప్పటి లాగి, తాళం తిప్పాడు. టిక్కుమంది.

నేను పక్కిళ్ల తలుపులు తట్టాను. అన్నిటికీ తాళాలే. వీధంతా చేలల్లో ఉంది. ఒక్కదాన్నే నూకితే కారు కాస్త ఊగి, మళ్లీ ఉన్నచోటికే వచ్చింది. పెదనాయన దిగి నూకితే స్టీరింగు పట్టేవాళ్లు లేరు. ఇంతలో నా పక్కన గాజుల చప్పుడైంది. పెద్దమ్మ డిక్కీ మీద చేతులు ఆనించి నిలబడి ఉంది.

"వద్దు పెద్దమ్మా!"

"నీ ఒక్కదానికి యాడ కదుల్తాది పాపా. నూకు."

కారు కదిలింది. వాలు సగంలో ఇంజను లేచింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. మోకాళ్లు పట్టుకుని వంగి నిలబడిపోయింది. నడుము చుట్టూ చెయ్యి వేసి కిందిదాకా నడిపించుకుపోయాను. అద్దంలో ఇదంతా పెదనాయనకు కనబడిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

దారి పొడుగునా ఆమె తల నా భుజం మీదే ఉంది. ఊపిరి చిన్నచిన్న ముక్కలుగా తీసుకుంది. ఒక్కసారే మాట్లాడింది.

"ఇంజను నిలపొద్దు సారూ. మళ్లా నూకల్లంటే నా చేత కాదు."

ఆసుపత్రి గేటు ముందు ఆయన ఇంజను ఆపలేదు. "నువ్వు పిల్చుకోని పో పాపా. నేనీడ్నే ఉంటా. నిలిపితే మళ్లా లేయదు" అన్నాడు. ఆమెను నేనే లోపలికి నడిపించాను. బల్ల మీద పడుకోబెట్టేసరికే కళ్లు తేలిపోయాయి. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. రొమ్ము మీద రెండు చేతులతో ఒత్తాడు, చాలాసేపు ఒత్తాడు. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

బయటికొచ్చాను. కారు వణుకుతూ పొగ వదులుతోంది. పెదనాయన కాలు ఎక్సలేటరు మీదే ఉంది.

"ఏమన్న్యాడు డాక్టరు? గ్యాసే గదా?"

ఆయన నా ముఖం చూశాడు. ఆ తర్వాత చెయ్యి చాచి తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది.

సాయంత్రం వ్యానులో పెద్దమ్మను ఎక్కించారు. ధర్మవరం నుంచి వచ్చిన అక్క తల్లి పక్కన కూర్చుంది. తండ్రితో ఒక్క మాట ఆడలేదు. పెదనాయన కారులో వస్తానన్నాడు. తోడుగా నేను ఎక్కాను. టీ కొట్టు దగ్గరున్న మనుషులు నూకడానికి వచ్చి వెనక నిలబడ్డారు. ఆయన తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను లేచింది.

అప్పుడు ఏడ్చాడు పెదనాయన, స్టీరింగు మీద తల కొట్టుకుంటూ. "ఇంత దూరమొస్తే చార్జి ఎక్కుంటాదని నాకు తెలీదా పాపా? ఎంతమందికి చెప్పినానో! లోపలికి పోయుండొచ్చు. దాని చెయ్యి పట్టుకోనుండొచ్చు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన ఒక్కడే కారేసుకుని ధర్మవరం పోయేవాడు. బ్యాటరీ మళ్లీ ఎప్పుడూ దిగలేదు. ఒకసారి నేనూ వెళ్లాను. అక్క కంచంలో అన్నం పెట్టి, "నీళ్లు ఆడ ఉండాయి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన తలొంచుకుని తిని, కంచం తానే కడిగి, వరండాలో కాసేపు కూర్చుని వచ్చేశాడు. ఎంత అడిగినా అక్క ఆ కారెక్కలేదు. ఆయన కళ్లు మసకబారాక, చెన్నేకొత్తపల్లి రైతెవరో దాన్ని కొనుక్కుపోయాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు పెదనాయన. పోయింది అక్క ఇంట్లోనే. చివరి రోజుల్లో అన్నీ ఆమే చేసింది, మాటలు మాత్రం తక్కువ.

కారుండి ధర్మవరం పోని ఏళ్లూ, వారం తప్పకుండా పోయిన ఏళ్లూ ఆయన జీవితంలో ఇంచుమించు సమానమే. పెద్దమ్మ ఉండింది ఆ మొదటి ఏళ్లలో.