గుట్ట ఎక్కిన రెండో సెట్టు

మంగళవారం సాయంత్రం నాలుగింటికి మా మిలిటరీ బళ్ళ షెడ్డు చేరాం. వర్జీనియా పడమటి కొండల్లో చిన్న ఊరు. చలి ఇరవై ఆరు ఫారెన్‌హీట్, నీళ్ళు గడ్డకట్టేంత. తెల్లవారుజామున మంచు తుఫాను మొదలవుతుందని కబురు, పది రోజులు డ్యూటీ అని ఆర్డరు. నాకు ఒక పికప్ ట్రక్కు, ఒక పార, వెనక బరువుకు నాలుగు ఇసుక బస్తాలు, ఒక రేడియో అప్పగించారు. నేను రిజర్వు సైనికుడిని. మామూలు రోజుల్లో వాషింగ్టన్ పక్కనున్న షాంటిలీలో కోడ్ రాసుకుంటూ, నెలకో వీకెండ్ యూనిఫాం వేసుకునేవాడిని. మావాళ్ళు దాన్ని పిక్నిక్ అనేవారు.

నాతో వచ్చిన మెడిక్ ఇరవై రెండేళ్ళ తెలుగు పిల్ల, షాంటిలీలోనే పుట్టి పెరిగింది. చూడగానే "హాయ్ అంకుల్" అంది. యూనిఫాంలో అంకుళ్ళు ఉండరని, నా ర్యాంకుతో స్పెషలిస్ట్ అని పిలవమని చెప్పాను. "ఓకే అంకుల్," అంది. నాకప్పుడు ముప్ఫై ఆరే. ఒళ్ళు మండింది.

బళ్ళు చూసుకునే మోటారు సార్జెంటు రెండు సెట్ల టైర్లు చూపించాడు. రెండూ రిమ్ములకు ఎక్కించి సిద్ధంగా ఉన్నాయి.

"నడిపేది నువ్వు. నువ్వే ఎంచుకో," అన్నాడు.

మొదటివి బురద టైర్లు. కొత్తవి, వెడల్పు, అరచేతి మందాన రబ్బరు దిమ్మలు. రెండోవి సన్నం, ఒక సీజను వాడినవి. టైరు పక్క భాగం మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు, చిన్న గుర్తు. మాది కోనసీమ. వరి చేలో దమ్ము చేసే ట్రాక్టరును చూస్తూ పెరిగాను. పెద్ద చక్రం, పెద్ద పట్టు. బురదైనా మంచైనా జారే నేలే కదా అనుకుని కొత్తవాటి మీద చెయ్యి వేశాను.

"ఆ గుర్తు ఎందుకో తెలుసా?" అని సార్జెంటు రెండోవాటిని చూపించాడు.

తెలుసన్నాను. తెలియదు. అడగడానికి నామోషీ. బురద టైర్లే బిగించుకున్నాను.

బుధవారం తెల్లారేసరికి ఆరంగుళాల మంచు. ఎనిమిదీ యాభైకి రేడియో పలికింది.

"గుట్ట మీద ఇల్లు. పెద్దావిడ ఆక్సిజన్ మీద ఉంది. కరెంటు పోయి మిషన్ ఆగింది. ఇంట్లో సిలిండర్ పదకొండింటి దాకా వస్తుంది. అంబులెన్స్ ఎక్కలేకపోయింది. ఆసుపత్రికి తీసుకురండి."

మెడిక్ దగ్గరున్న చిన్న సిలిండర్ ఆసుపత్రి దారికే సరిపోతుంది. మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లన్నీ పెద్ద లారీలతో పాటు హైవేకి వెళ్ళిపోయాయి.

నాలుగు మైళ్ళు. తొమ్మిదీ పదిహేనుకు గుట్ట కింద ఉన్నాం. ముందు ఎక్కబోయిన బళ్ళు మంచును తొక్కి పలకలా గట్టిచేశాయి. సగం దాకా ఎక్కాం. చక్రాలు గిర్రున తిరిగాయి, ట్రక్కు కదల్లేదు. బ్రేకు తొక్కాను. నెమ్మదిగా వెనక్కి జారడం మొదలైంది.

"అంకుల్, ఆగట్లేదు," అంది మెడిక్. ఈసారి నాకు కోపం రాలేదు.

కింద కంచె గుంజకు ఆనుకుని ఆగింది. దిగి చూశాను. మంచు మీద మా దారి రెండు నున్నటి గీతలు. రబ్బరు ఎక్కడా కరవలేదు. పైన ఆవిడ ఊపిరి గంటన్నరకు వచ్చింది, నా నామోషీ వల్ల.

"నేను నడిచి వెళ్తా. ఆవిడ దగ్గర ఉంటా. మీరు కమ్ బ్యాక్ అవ్వండి, ప్లీజ్," అంటూ మెడిక్ సంచి భుజాన వేసుకుంది.

తొమ్మిదీ నలభైకి షెడ్డులో ఉన్నాను. "ఆ గుర్తు ఎందుకో నాకు తెలియదు సార్జెంట్," అన్నాను. ఆయన తిట్టలేదు. జాకీ అందుకున్నాడు. నట్లు విప్పుతూనే చెప్పాడు.

"అది మంచులో పరీక్ష చేసిన టైరు. చలికి రబ్బరు బిగుసుకోదు. గోరు పెట్టి చూడు, దిమ్మల మీద సన్నటి కోతలు. అవే కరుస్తాయి. నీ బురద టైరు చలికి రాయి. ఏడాదికి నాలుగు సార్లు మంచు చూసేవాడికి ఇవి చాలు. నాలుగూ ఒకటే రకం ఉండాలి. నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఎక్కిస్తుంది, ఆపదు. ఆపేది టైరే."

పదీ ఐదుకు నాలుగో చక్రం బిగించాం. పదీ ఇరవై ఐదుకు మళ్ళీ గుట్ట కింద. లో గేరు, నడక వేగం, బ్రేకు ముట్టుకోలేదు. ఇందాక జారిన చోటు దాటాను. ఆ పైన వాలు ఇంకా నిటారు. అక్కడ మంచు తెల్లగా లేదు. ఇంటి దాకా దారంతా బూడిద చల్లి ఉంది.

ఒక ముసలాయన తగరపు బకెట్టుతో దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. నైట్ డ్రెస్ మీద కోటు, కాళ్ళకు ఇంటి చెప్పులు.

"నువ్వు జారడం కిటికీలోంచి చూశాను. మళ్ళీ వస్తావు కదా, అందుకని కట్టెల పొయ్యిలో బూడిదంతా ఖాళీ చేశాను," అన్నాడు.

పదీ నలభైకి ఆయన భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టాం. పదకొండూ పదికి ఆసుపత్రి. ఆవిడ దక్కింది.

పది రోజులకు షాంటిలీ తిరిగొచ్చాను. ఇప్పుడు యూనిఫాం లేదు. పికప్ కొన్న ప్రతివాడూ ఏ టైర్లు వేయించాలని నన్నే అడుగుతాడు. కొండ గుర్తు చూసి కొనమంటాను. తెలియకపోతే షాపులో సిగ్గుపడకుండా అడగమంటాను.

మంచు పడిన ప్రతిసారీ మాత్రం ఆ ముసలాయనే కనిపిస్తాడు. నేను షెడ్డులో నట్లు బిగిస్తున్నంతసేపూ, లోపల భార్య ఊపిరి అయిపోతుంటే, ఇంటి చెప్పులతో మంచులో నాకోసం బకెట్టు బకెట్టుగా బూడిద చల్లుతూ.